డీసీ అంటే ఏ డీసీ?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. చిన్నప్పుడు సెలవుల్లో మా పిన్ని పక్కన కూర్చుని క్రోషేలో చైను, సింగిల్, డబుల్ వేయడం నేర్చుకున్నాను. ఎవరైనా అల్లుతుంటే చూసి అల్లేస్తాను. కాగితం మీద రాసింది మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. ఒక ఇంగ్లిష్ ప్యాటర్న్ ప్రింటు తీయించుకుని, డబుల్ క్రోషే ఎలా వేయాలో వీడియోలో చూసుకుని, టీపాయ్ మీదికి గుండ్రటి మ్యాటు మొదలుపెట్టాను. ఆరో రౌండుకే అది మూకుడులా లోపలికి ముడుచుకుంది. ధనుర్మాసంలో కొండకు పోయేటప్పుడు మెడకు చుట్టుకుందామని ఇంకో కాగితం చూసి స్కార్ఫు మొదలుపెడితే, 40 కుట్లు పదో వరుసకు 31 అయ్యాయి. ఇక ఆ నక్షత్రాలు, బ్రాకెట్లు చూస్తేనే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు ప్రింట్లూ జత చేస్తున్నాను.

జవాబు: మీ చేతిలో తప్పేమీ లేదమ్మా. మ్యాటు మూకుడు కావడానికి ఒక కారణం, స్కార్ఫు సన్నబడటానికి ఇంకో కారణం. రెండూ కాగితం చదవడం దగ్గరే ఉన్నాయి. అల్లిన వస్తువు ఆకారం చూసి రెండింటినీ పట్టుకోవచ్చు.

ముగ్గు వేసే చేతికి ఈ చదువు మరీ కొత్తది కాదు. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది దాకా’ అని ఎవరైనా చెబితే చాలు, మధ్యలో 15 పెట్టి పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపుతారు. ‘తగ్గించు’ అని వాళ్ళు చెప్పలేదు. సందు చుక్క అన్నప్పుడే ఆ సంగతి వచ్చేసింది. క్రోషే ప్యాటర్న్ కూడా అలా పొదుపుగా రాసిన లెక్కే. ఏ లైను అయినా సరే, దారం ముట్టకముందే పెన్సిలుతో సరిచూసుకోవచ్చు. మీరు ముందు పట్టాల్సింది ఆ అలవాటే.

మ్యాటు సంగతి చూద్దాం. మీ ప్రింటులో మొదటి రౌండు 6 డీసీ (డబుల్ క్రోషేకు పొట్టిపేరు), రెండోది 12, మూడోది 18, నాలుగోది 24. అంటే రౌండుకు ఆరు చొప్పున పెరుగుతోంది. మీరు వీడియోలో చూసి వేసింది అమెరికా వాళ్ళ డబుల్ క్రోషే: హుక్కు మీద దారం ఒకసారి చుట్టి, కుట్టులో దూర్చి, దారం లాగి, రెండేసి పోగుల చొప్పున రెండుసార్లు తీసేది. మీ కాగితం బ్రిటిష్ పద్ధతిలో రాసింది. బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అనేదాన్ని అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అంటారు: ముందు దారం చుట్టకుండా దూర్చి, లాగి, రెండు పోగుల్లోంచి ఒకేసారి తీసేది. పేరు ఒకటే, ఎత్తు దాదాపు సగం.

ఈ తేడా అన్ని కుట్లకూ ఒక మెట్టు చొప్పున జరిగి ఉంటుంది. అమెరికా సింగిల్ బ్రిటిష్‌లో డబుల్, అమెరికా హాఫ్ డబుల్ బ్రిటిష్‌లో హాఫ్ ట్రెబుల్, అమెరికా డబుల్ బ్రిటిష్‌లో ట్రెబుల్, అమెరికా ట్రెబుల్ బ్రిటిష్‌లో డబుల్ ట్రెబుల్. చైను, స్లిప్ స్టిచ్ మాత్రం రెండు చోట్లా ఒకటే. ఈ నాలుగు జతలూ ఒక అట్టముక్క మీద రాసి దారం సంచిలో వేసుకోండి.

మరి అది మూకుడే ఎందుకైంది? గుండ్రటి అల్లికలో ఒక్కో రౌండుకు వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది. వ్యాసార్ధం పెరిగినదానికి 6.28 రెట్లు చుట్టుకొలత పెరగాలి. బడిలో చదువుకున్న ‘రెండు పై ఆర్’ ఇదే. సింగిల్ క్రోషే ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం కాబట్టి రౌండుకు ఆరు కుట్లు పెంచితే బల్లపరుపుగా పడుకుంటుంది. అమెరికా డబుల్ దానికి దాదాపు రెట్టింపు ఎత్తు, కాబట్టి రౌండుకు 12 పెంచాలి. మీరు పొడుగు కుట్టు వేసి ఆరే పెంచారు. అంచు చాలక లోపలికి లాగేసింది. దీన్ని తిరగేసిన తప్పు కూడా ఉంది: అమెరికా కాగితంలో 12 చొప్పున పెరిగే డీసీని బ్రిటిష్ అనుకుని పొట్టి కుట్టుతో అల్లితే అంచు పావడా కుచ్చిళ్ళలా అలలు తిరుగుతుంది. మూకుడైతే కుట్లు చాల్లేదని, కుచ్చిళ్ళైతే ఎక్కువయ్యాయని అర్థం. టోపీల్లో మాత్రం ఒక దశ దాటాక పెంచడం కావాలనే ఆపేస్తారు, అక్కడ లోపలికి వంగడమే కావాలి.

కాగితం ఏ పద్ధతిదో పైన రాసి ఉంటే గొడవే లేదు. లేకపోతే మొదట ‘ఎస్‌సీ’ అన్న పొట్టిపేరు కోసం వెతకండి. అది సింగిల్ క్రోషే, ఉందంటే అమెరికాది. ‘హెచ్‌టీఆర్’ కనిపిస్తే బ్రిటిష్. ఒక కుట్టు వదిలేయమనడానికి ‘స్కిప్’ అని రాస్తే ఎక్కువగా అమెరికా, ‘మిస్’ అని రాస్తే బ్రిటిష్. అల్లిక బిగువు కొలతను అమెరికా వాళ్ళు ‘గేజ్’ అంటారు, బ్రిటిష్ వాళ్ళు ‘టెన్షన్’ అంటారు. ఇవేవీ దొరక్కపోతే ఇంకో దారి ఉంది, ఇది దాదాపు తప్పదు. డీసీ వరుస మొదట్లో ఒక్క చైను వేయమంటే ఆ డీసీ పొట్టిది, బ్రిటిష్‌ది. మూడు చైన్లు వేయమంటే పొడుగుది, అమెరికాది. మీ ప్రింటులో ప్రతి రౌండు మొదట్లోనూ ‘సీహెచ్ 1’, అంటే ఒక చైను అనే ఉంది చూడండి.

ఇంట్లో దాచుకున్న పాత లేసు పుస్తకాల్లో తరచు బ్రిటిష్ పేర్లు ఉంటాయి, వీడియోల్లో ఎక్కువగా అమెరికా పేర్లు వినిపిస్తాయి. అందుకే మన దగ్గర ఈ కలగాపులగం. మీ పిన్ని నేర్పిన ‘డబుల్’ ఏ డబులో కూడా ఒకసారి ఆమె చేత వేయించి, దారం ముందు చుడుతున్నారో లేదో చూడండి. పేరును కాకుండా చేత్తో చేసే పనిని గుర్తుపెట్టుకుంటే ఈ చిక్కే ఉండదు.

ఇక్కడ నుంచి మేము డీసీ అంటే అమెరికా పద్ధతి డీసీ అనే అనుకోండి. మీ స్కార్ఫు కాగితం ఆ పద్ధతిదే.

స్కార్ఫులో 40 కుట్లు పదో వరుసకు 31 అయ్యాయన్నారు. రెండో వరుస నుంచి పదో వరుస దాకా తొమ్మిది వరుసలు. పోయిన కుట్లు తొమ్మిది. చేతి తడబాటే అయితే ఒక వరుసలో రెండు పోతాయి, ఇంకో వరుసలో ఒకటి ఎక్కువవుతుంది. ఇంత క్రమంగా వరుసకు ఒకటి పోతోందంటే ఒకే తప్పు ప్రతిసారీ ఒకే చోట జరుగుతోంది.

మీ కాగితంలో రెండో వరుస ఇలా ఉంది: ‘సీహెచ్ 3 (కౌంట్స్ యాజ్ ఎ డీసీ), టర్న్, డీసీ ఇన్ నెక్స్ట్ ఎస్‌టీ అండ్ ఇన్ ఈచ్ ఎస్‌టీ అక్రాస్’. మూడు చైన్లు వేయి, అవే ఒక డీసీ లెక్క, తిప్పు, పక్క కుట్టులో డీసీ, ఆ తర్వాత చివరిదాకా కుట్టుకొకటి. చైన్లే మొదటి కుట్టు కాబట్టి వాటి అడుగున ఉన్న కుట్టు వదిలి పక్కదాంట్లో మొదలుపెట్టాలి. ఇక్కడిదాకా మీరు సరిగ్గానే చేసి ఉంటారు. వరుస చివర దెబ్బతింటోంది. కింది వరుస మొదట్లో వేసిన మూడు చైన్లు, పని తిప్పాక చివరికి వస్తాయి. అవి సన్నగా, ఒక పక్కకు ఒరిగి, కుట్టులా కనిపించవు. అయినా అవీ ఒక కుట్టే. వాటిలో పైనున్న మూడో చైనులో హుక్కు దూర్చి డీసీ వేయాలి. అది వదిలేస్తే వరుసకొకటి తగ్గుతుంది. అది వేసి, మొదట్లో వదలాల్సిన కుట్టులో కూడా వేస్తే వరుసకొకటి పెరిగి పక్కలు విచ్చుకుంటాయి.

వరుస మొదట్లో మూడో చైను వేయగానే దాంట్లో ఒక పిన్నీసు గుచ్చండి. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి కుట్టు ఆ పిన్నీసు ఉన్న చోటే. ఏడెనిమిది వరుసలయ్యేసరికి పిన్నీసు లేకుండానే కన్ను పట్టేస్తుంది.

తిప్పేటప్పుడు వేసే చైన్లు కుట్టు ఎత్తును బట్టి ఉంటాయి: సింగిల్‌కు 1, హాఫ్ డబుల్‌కు 2, డబుల్‌కు 3, ట్రెబుల్‌కు 4. సింగిల్‌కు వేసే ఆ ఒక్క చైనును మామూలుగా కుట్టుగా లెక్కపెట్టరు, కాబట్టి అక్కడ మొదటి కుట్టును వదలకూడదు. డబుల్ మూడు చైన్లను మామూలుగా లెక్కపెడతారు. హాఫ్ డబుల్ దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. అందుకే కాగితం మొదట్లో ‘నోట్స్’ అని ఉండే నాలుగు లైన్లు దాటేయొద్దు, ఈ సంగతి తేల్చేది అక్కడే. చాలామంది నేరుగా ‘రో 1’ దగ్గరికి దూకుతారు. సగం పొరపాట్లకు పుట్టిల్లు అదే.

మొదటి చైను లెక్క కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. 40 డీసీ కావాలంటే 42 చైన్లు వేసి, హుక్కు నుంచి నాలుగో చైనులో మొదటి డీసీ వేయాలి. దాటేసిన మూడు చైన్లు కలిపి ఒక డీసీ, మిగిలిన 39 చైన్లలో 39 డీసీలు. అదే 40 సింగిల్ కావాలంటే 41 చైన్లు, రెండో చైనులో మొదలు. చైన్లు లెక్కపెట్టేటప్పుడు మొట్టమొదటి ముడినీ, హుక్కు మీద ఉన్న పోగునూ లెక్కలోకి తీసుకోకండి. ముందువైపు జడపాయల్లా కనిపించే ఒక్కో ‘వి’ ఆకారం ఒక్కో చైను.

ఇప్పుడు వాక్యాలు. పొట్టిపేర్లు వారం రోజుల్లో నోటికి వచ్చేస్తాయి, దానికి బెంగ వద్దు. అసలు తికమక మాటల వరుసలో ఉంది. ‘డీసీ ఇన్ నెక్స్ట్ 2 ఎస్‌టీ’ అంటే తర్వాతి రెండు కుట్లలో ఒక్కొక్కటి. ‘2 డీసీ ఇన్ నెక్స్ట్ ఎస్‌టీ’ అంటే తర్వాతి ఒక్క కుట్టులోనే రెండు. మొదటిదాంట్లో కుట్లు పెరగవు, రెండోదాంట్లో ఒకటి పెరుగుతుంది. అంకె డీసీకి ముందుంటే ఎన్ని వేయాలో చెబుతోంది, ఎస్‌టీకి ముందుంటే ఎన్నింటిలో వేయాలో చెబుతోంది. ‘ఎస్‌టీ’ అని కాకుండా ‘ఎస్‌పీ’ అని ఉంటే అది కుట్టు కాదు, ఖాళీ. ‘సీహెచ్-2 ఎస్‌పీ’ అంటే కింది వరుసలో రెండు చైన్లు వేసిన చోట ఏర్పడిన సందు. హుక్కును చైనులో గుచ్చకుండా ఆ సందులోంచి చైన్ల అడుగునే దూర్చాలి.

బ్రాకెట్లకు రెండు పనులున్నాయి, ఏ పనో బ్రాకెట్ మూసిన తర్వాతి మాట చెబుతుంది. ‘(3 డీసీ, సీహెచ్ 2, 3 డీసీ) ఇన్ కార్నర్ ఎస్‌పీ’ అంటే లోపల ఉన్నదంతా ఆ ఒక్క మూల సందులోనే వేయాలి; చతురస్రాలకు మూల తిరిగేది ఇలాగే. ‘(ఎస్‌సీ ఇన్ నెక్స్ట్ 2 ఎస్‌టీ, 2 ఎస్‌సీ ఇన్ నెక్స్ట్ ఎస్‌టీ) 6 టైమ్స్’ అంటే లోపలి పని ఆరుసార్లు చేయాలి. ‘ఇన్’ వస్తే ఒకే చోట, ‘టైమ్స్’ వస్తే మళ్ళీ మళ్ళీ. వరుస చివర బ్రాకెట్లో ఒట్టి అంకె ఉంటే అది పని కాదు, మీకు రావాల్సిన మొత్తం. బట్టల ప్యాటర్న్‌లలో ‘60 (68, 76)’ అని ఉంటే అవి సైజులు. మీ సైజు అంకె చుట్టూ కాగితమంతా ముందే సున్నా చుట్టేసుకోండి.

నక్షత్రం ‘ఇక్కడికి తిరిగి రా’ అని పెట్టిన గుర్తు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘రిపీట్ ఫ్రమ్ * 3 మోర్ టైమ్స్’ అంటే మొదట ఒకసారి, ఆపైన మూడుసార్లు, మొత్తం నాలుగు. ‘మోర్’ లేకుండా ‘రిపీట్ ఫ్రమ్ * 3 టైమ్స్’ అన్నా మామూలుగా నాలుగే, ఎందుకంటే నక్షత్రం దాకా తిరిగి వచ్చేసరికే ఒకసారి అయిపోయింది. బ్రాకెట్ పక్కన ‘3 టైమ్స్’ ఉంటే మాత్రం మొత్తం మూడే. సందేహం వస్తే వరుస చివరి మొత్తమే తీర్పు చెబుతుంది.

ఆ తీర్పు కాగితం మీదే ఎలా తీసుకోవాలో చూడండి. ప్రతి ముక్కకూ రెండు అంకెలు రాయండి: కింది వరుసలో ఎన్ని కుట్లు ఖర్చు పెడుతోంది, పై వరుసకు ఎన్ని రాబడి ఇస్తోంది. పైన చెప్పిన ఆరుసార్ల బ్రాకెట్నే తీసుకోండి. రెండు కుట్లలో ఒక్కొక్కటి: ఖర్చు 2, రాబడి 2. తర్వాతి కుట్టులో రెండు: ఖర్చు 1, రాబడి 2. మొత్తం ఖర్చు 3, రాబడి 4. ఆరుసార్లు చేస్తే ఖర్చు 18, రాబడి 24. కింది రౌండులో 18 ఉన్నాయి, పైన 24 రావాలి, సరిపోయింది.

నక్షత్రం ఉన్న లైను కూడా అంతే. మీ 40 కుట్ల మీద ఇలాంటి వరుస వచ్చిందనుకోండి: ‘సీహెచ్ 3, టర్న్, *డీసీ ఇన్ నెక్స్ట్ 3 ఎస్‌టీ, సీహెచ్ 1, స్కిప్ 1 ఎస్‌టీ, రిపీట్ ఫ్రమ్ * టు లాస్ట్ 3 ఎస్‌టీ, డీసీ ఇన్ లాస్ట్ 3 ఎస్‌టీ’. మొదటి చైన్ల ఖర్చు 1. నక్షత్రం ముక్కలో మూడు అల్లి ఒకటి వదిలాం కాబట్టి ఖర్చు 4. మూడు డీసీలు, ఒక చైను కలిపి రాబడి కూడా 4. చివర 3. నలభైలోంచి ఒకటీ, మూడూ తీసేస్తే 36, అంటే నక్షత్రం ముక్క తొమ్మిదిసార్లు. తొమ్మిదోసారి అయ్యాక సరిగ్గా మూడు కుట్లు మిగలాలి. రెండే మిగిలాయంటే ఎక్కడో వదలాల్సిన కుట్టు రెండయ్యిందో, కింది వరుసలోనే 39 ఉన్నాయో. ‘మల్టిపుల్ ఆఫ్ 4’ అని ప్యాటర్న్ పైన రాసేది దీని గురించే. స్కార్ఫు ఇంకాస్త వెడల్పు కావాలంటే 44 అల్లొచ్చు, 48 అల్లొచ్చు. 42 మాత్రం కుదరదు.

ఖర్చు, రాబడి కలవకపోతే మీరు చదివింది తప్పు, లేదా అరుదుగా కాగితంలోనే అచ్చుతప్పు. ఏదైనా దారం పాడవకముందే తెలుస్తుంది. ప్రతి ఇంగ్లిష్ లైను కింద మీ మాటల్లో తెలుగులో ఒక లైను, పక్కన ఈ రెండు అంకెలు రాసుకోండి. నెల తిరిగేసరికి తెలుగు లైను అక్కర్లేకుండా పోతుంది. అంకెలు మాత్రం ఎంత నేర్పరులైనా రాసుకోవడం మంచిది.

బొమ్మ ప్యాటర్న్, అంటే చార్టు దొరికితే వదలకండి. చూసి అల్లే చేతికి అది ఇంకా సుఖం, పైగా దాంట్లో అమెరికా, బ్రిటిష్ గొడవ లేదు. కోడిగుడ్డు ఆకారం చైను, నల్లచుక్క స్లిప్ స్టిచ్, ఇంటూ లేక ప్లస్ గుర్తు పొట్టి కుట్టు. ఇంగ్లిష్ ‘టి’ లాంటి గుర్తు హాఫ్ డబుల్. ఆ ‘టి’ కాడకు అడ్డంగా ఒక గీత ఉంటే డబుల్, రెండు గీతలుంటే ట్రెబుల్. డబుల్, ట్రెబుల్‌లకు దూర్చకముందు దారం ఎన్నిసార్లు చుట్టాలో ఆ గీతలే చెబుతాయి. గుండ్రటి చార్టును మధ్యలోంచి బయటికి, కుడిచేతి వాళ్ళయితే గడియారం ముల్లుకు ఎదురు దిశలో చదవాలి. వరుసల చార్టును కింది నుంచి పైకి చదవాలి. వరుస అంకె ఏ పక్కన వేసి ఉంటే ఆ పక్క నుంచి మొదలు. కాళ్ళన్నీ ఒకే చోట కలిసిన ‘టి’లు కనిపిస్తే అవన్నీ ఒకే కుట్టులో వేయాలి.

దారం, హుక్కు గురించి కొంచెం. హుక్కు సైజుకు మిల్లీమీటర్లనే నమ్మండి. ఒట్టి ‘8’ అంటే అమెరికా లెక్కలో 5 మిల్లీమీటర్లు, పాత బ్రిటిష్ లెక్కలో 4. నేర్చుకునేటప్పుడు 4 మిల్లీమీటర్ల హుక్కు, దానికి తగిన మధ్యరకం నూలు దారం, లేత రంగు, నున్నటిది తీసుకోండి. నలుపులో, నూగు ఉన్న ఊలులో కుట్లు కనబడవు. కనబడని కుట్లను లెక్కపెట్టలేరు. మన ఎండలకు చేతులు చెమట పడతాయి కాబట్టి హుక్కు మీద జారడానికి కూడా నూలే హాయి. నరసాపురం లేసుకు వాడేంత సన్నటి దారం, స్టీలు హుక్కు ఇప్పుడప్పుడే వద్దు.

గేజ్ చూడటం మ్యాటుకూ స్కార్ఫుకూ తప్పనిసరి కాదు, ఒంటికి పట్టాల్సిన వాటికి తప్పదు. ఆరంగుళాల ముక్క అల్లి, మధ్యలో నాలుగంగుళాలు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. కాగితం 16 అంటే మీకు 18 వచ్చాయనుకోండి. 80 కుట్ల వస్తువు 20 అంగుళాలు రావాల్సింది 18 అంగుళాల లోపే ఆగిపోతుంది. ఎక్కువ కుట్లు వస్తే పెద్ద హుక్కు, తక్కువ వస్తే చిన్న హుక్కు మార్చండి. చేతి బిగువును బలవంతాన మార్చబోకండి, రెండు వరుసలయ్యాక అది మళ్ళీ పాత దారికే వస్తుంది.

మీ రెండు పనులూ పాడైపోయినట్టు కాదు. మ్యాటును మొదటి రౌండుతో సహా మొత్తం విప్పేసి, అదే కాగితంతో, ప్రతి డీసీ దగ్గరా దారం చుట్టకుండా వేసే పొట్టి కుట్టుతో మళ్ళీ అల్లండి. పొట్టి కుట్టుతో ఆరు రౌండ్లకు చిన్నదే అవుతుంది, టీపాయ్‌కు చాలకపోతే రౌండుకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు: ఏడో రౌండు 42, ఎనిమిదోది 48. రౌండు మొదటి కుట్టులో పిన్నీసు పెట్టి, రౌండు మారగానే దాన్ని పైకి జరుపుకోండి. స్కార్ఫును మొదటి వరుస దాకా విప్పి ముందు ఆ వరుసలోనే 40 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. విప్పిన నూలు ముడతలు పడి ఉంటే చిలపలా చుట్టి, నీళ్ళలో తడిపి, నీడలో వేలాడదీసి ఆరనివ్వండి. తడి ఆరకుండా అల్లితే కుట్లు ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా పడతాయి.